తుపాకీ మడమలో మొండి స్క్రూ

ఉదయం పదీ పదికి బ్రీఫింగ్. డ్రైక్లీనింగ్ షాపు వెనక గది. దేశ భద్రతను కాపాడటానికి ఊళ్లో ఇంకో చోటే లేనట్టు, ఎవరివో పెళ్లి కోట్ల మధ్య, తడి ఉన్ని కంపులో కూర్చోబెట్టారు. అక్కడ గాలి పీలిస్తే గొంతులో కలరా ఉండ కరిగినట్టుంటుంది.

ఏజెంట్‌ను డిపార్ట్‌మెంట్‌లో అందరూ చిరాకు అని పిలుస్తారు. అసలు పేరు ఫైల్లో ఉంది. ఫైలు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి పోయి రెండేళ్లయింది. పన్నెండేళ్ల సర్వీసులో అతనికి నచ్చిన మనిషి గానీ, నచ్చిన కాఫీ గానీ, నచ్చిన మిషన్ గానీ ఒక్కటీ లేదు. అయినా పై అధికారులు కష్టమైన పనులన్నీ అతని నెత్తినే రుద్దుతారు. దేన్నీ చూసి మురిసిపోని మనిషిని మోసం చేయడం కష్టమని వాళ్ల సిద్ధాంతం.

బాస్ టీలో బిస్కెట్ ముంచాడు. అది సగానికి తెగి కప్పులో పడింది. ఆయన వేలు పెట్టి దాన్ని తీసి నోట్లో వేసుకుని, అదే వేలితో టేబుల్ మీదున్న ఫొటోను చూపించాడు. ఫొటో మీద తడి మరక పడింది. చిరాకు ఆ మరకనే చూస్తూ మిగతాదంతా విన్నాడు.

విషయం ఇది. వందేళ్ల కిందటి యుద్ధంలో పొరుగు దేశపు సేనాని చేతిలోంచి లాక్కున్న తుపాకీ ఒకటి మన ఆయుధశాలలో అద్దాల పెట్టెలో ఉంది. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పక్కనున్న పెద్ద హాల్లో దాన్ని ఆ దేశాధ్యక్షుడి చేతికి తిరిగి ఇచ్చి, శాంతి ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అది కొందరికి గిట్టదు. ఈ రెండు దేశాలూ కొట్టుకుంటూ ఉంటే తప్ప తమ సరుకు అమ్ముడుపోని మూడో దేశం ముఠా ఒకటుంది. ఆ ముఠా తుపాకీ మడమలో, భుజానికి ఆనించే ఇత్తడి పలక వెనకాల, టైమ్ బాంబు పెట్టింది. పన్నెండూ అయిదుకు సెట్ చేశారు. సమాచారం ఇచ్చింది మేడమ్.

మేడమ్ అంటే డబుల్ ఏజెంట్. ముఠా జీతమూ, మన జీతమూ రెండూ తీసుకుంటుంది. పట్టు చీర, పొడవాటి గోళ్లు, ఆమె గదిలోకి రావడానికి పది నిమిషాల ముందే వచ్చే సెంటు. చిరాకుకు ఆ సెంటంటే పరమ అసహ్యం.

బాంబ్ స్క్వాడ్‌ను పిలవొచ్చు కదా అని అతను అడిగాడు. కుదరదన్నాడు బాస్. హాల్లో ముఠా మనుషులు కూర్చుని ఉంటారు, ఎవరో తెలియదు. తుపాకీ వేదిక మీదికి రాగానే, పేలకముందే, వాళ్లంతట వాళ్లే లేచి బయటికి నడుస్తారు. తలుపుల దగ్గర మన వాళ్లు కాచుకుని ఉంటారు. కాబట్టి తుపాకీ టైముకు రావాలి, గీత పడకుండా రావాలి, బాంబు లేకుండా రావాలి.

"ఇంకో సంగతి," అన్నాడు బాస్. "ఆ ఆయుధశాల మేస్త్రి మీ మేనమామే కదా. పెట్టె తాళంచెవి ఆయన ఒక్కడి దగ్గరే ఉంటుంది. ఆయనకి ఒక్క ముక్క కూడా చెప్పకు. బాంబు దొరికితే ముందు అరెస్టయ్యేది ఆయనే."

"దొరక్కపోతే?"

"పన్నెండింటికి ఆ తుపాకీ మోసుకెళ్లేది కూడా ఆయనే."

తండ్రి పోయాక చిరాకును పెంచింది ఆ మామే. పదేళ్ల వయసులో చేతికి ఆకురాయి ఇచ్చి ఇనుము రుద్దడం నేర్పింది ఆ మామే. నలభై ఏళ్లుగా ఆ బల్ల దగ్గర నిలబడి నడుం వంగిపోయిన ముసలాయన దేశద్రోహా? కాదని గట్టిగా అనుకోబోయాడు. కానీ తాళంచెవి ఒక్కటే. గూఢచారి ఉద్యోగంలో అన్నిటికంటే అసహ్యమైనది ఇదే, సొంత మనిషి గురించి కూడా 'ఏమో' అనుకోవాల్సి రావడం.

వేషం చెదలమందు కొట్టేవాడిది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన నీలం ఓవరాల్ చంకల్లో ఇంకెవరిదో చెమట ఎండి అట్టకట్టి ఉంది. పెట్టుడు మీసం జిగురు పై పెదవి మీద పుల్లగా కారుతోంది. చేతికో పెన్ను కూడా ఇచ్చారు. నొక్కితే స్క్రూడ్రైవర్, తిప్పితే టార్చి, లాగితే కెమెరా. రాయడానికి మాత్రం రాయదు.

పదకొండుకు పది నిమిషాలు తక్కువగా అతను ఆయుధశాల వర్క్‌షాపు తలుపు తట్టాడు. మేడమ్ తీసింది. తుపాకీని పరీక్షించే నిపుణురాలిగా పొరుగు దేశం ఎంబసీ కాగితాలతో ఆమె మూడు రోజులుగా అక్కడికి వస్తూ పోతూ ఉంది.

"ఇక్కడ చెదలున్నాయా?" అన్నాడు. అది కోడ్.

"చెదలు లేవు, బొద్దింకలున్నాయి," అంది ఆమె. ఈ కోడ్‌లు రాసేవాడెవడో ఒక్కసారి కనిపిస్తే బాగుండునని అనుకుంటూ చిరాకు లోపలికి నడిచాడు.

మామ యూనిఫారం వేసుకోవడానికి క్వార్టర్స్‌కు వెళ్లాడని, పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు వస్తాడని మేడమ్ చెప్పింది. గది చిన్నది. మధ్యలో పొడవాటి బల్ల, దానికి బిగించిన పట్టకారు, అంటే ఇనుప దవడల వైస్, గోడకు వరసగా పనిముట్లు. కిటికీకి లావుపాటి చువ్వలు. చువ్వల అవతల వీధి నిండా జెండాలు పట్టుకున్న స్కూలు పిల్లలు. ఉన్న ఒక్క తలుపూ తెరిస్తే నడవా, నడవా చివర హాలు, హాల్లో ఎనిమిది వందల మంది. అంటే బాంబు పట్టుకుని పరిగెత్తడానికి చోటు లేదు.

మామ పొద్దున్నే పెట్టెలోంచి తీసి బల్ల మీద ఉంచిన తుపాకీని పట్టకారులో గుడ్డ చుట్టి బిగించి, మడమ వైపు వంగి చూశాడు. ఇత్తడి పలకకు రెండు స్క్రూలు, పైదొకటి, కిందదొకటి. పలక అంచులు కర్రలోకి దిగి ఉన్నాయి కాబట్టి రెండూ తీస్తేనే అది ఊడి వస్తుంది.

పై స్క్రూను చూడగానే మామ గుర్తొచ్చాడు. ఆ ఆయుధశాలలో ఒక పద్ధతి ఉంది. ఏ స్క్రూ బిగించినా చివరికి దాని గాడి గొట్టం వైపు తిన్నగా నిలబడాలి. వంకరగా ఆగితే ఊడదీసి మళ్లీ బిగించాలి. తుపాకీ పేలడానికీ దీనికీ సంబంధమేమీ లేదు. అలా చేయనివాడు మనిషి కాదని మామ నమ్మకం, అంతే. పై స్క్రూ గాడి నిక్కచ్చిగా గొట్టం వైపే ఉంది.

తర్వాత కింది స్క్రూను చూశాడు. గాడి వంకరగా ఆగిపోయి ఉంది. అంచులు రెండు వైపులా చిట్లి, తల నలిగి, కుక్క కొరికిన చెప్పులా ఉంది. చుట్టూ వందేళ్ల ఇత్తడి మీద మూడు గీతలు. ఎవరో వంటింట్లో వాడే స్క్రూడ్రైవర్ తెచ్చి, అది జారి జారి గీసుకుంటుంటే సిగ్గులేకుండా తిప్పారు.

ఛీ అనుకున్నాడు. ఆ వెంటనే గుండె మీంచి బండ దిగినట్టయింది. మామ దేశాన్ని అమ్ముకున్నాడని ఎవరైనా సాక్ష్యాలతో రుజువు చేయొచ్చునేమో. స్క్రూ తల ఇలా నలిపాడని మాత్రం దేవుడు దిగొచ్చి చెప్పినా నమ్మడు.

పై స్క్రూ రెండు తిప్పుళ్లకే వచ్చేసింది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. కిందదానికి పెన్ను పెట్టి తిప్పాడు. కదల్లేదు. ఇంకాస్త బలం వేశాడు. పెన్ను మొన వంగి, జారి, చిట్లిన అంచును ఇంకొంచెం లేపింది. ఇప్పుడు ఆ పాపంలో అతనికీ వాటా ఉంది.

"గట్టిగా తిప్పండి, టైమ్ లేదు," అంది మేడమ్. గట్టిగా తిప్పితే ఆ ఉన్న గాడి కూడా పోతుందని అతను చెప్పాడు. అయితే డ్రిల్లు వేసేయమంది. డ్రిల్లు మొన స్క్రూను దాటి లోపలి తీగల్లోకి దిగితే ఇద్దరమూ గోడకు అంటుకుంటామని కూడా చెప్పాడు. ఆమె నవ్వింది. సెంటు వాసన మరికాస్త దగ్గరికి వచ్చింది.

తుప్పనుకుని నూనె చుక్కలు వేశాడు. నూనెకు దాని టైమ్ దానికి కావాలి. పిస్టల్ తీయడానికి సగం సెకను పట్టే మనిషి, దేశం మొత్తంలో అతివేగమైన ఏజెంట్లలో ఒకడు, స్టూలు మీద కూర్చుని నూనె ఇంకేదాకా ఇరవై నిమిషాలు ఎదురుచూశాడు. మీసం జిగురు నోట్లోకి వస్తోంది. పదకొండున్నరకు మళ్లీ ప్రయత్నించాడు. చీమంత కూడా కదల్లేదు.

ఇక వేడి. కొద్దిపాటి వేడికి ఇలాంటి బాంబు పేలదని డిపార్ట్‌మెంట్ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినాయన ఇప్పుడు లేడు. అయినా గోడ మీది సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, మొనను స్క్రూ తల మీద ఆనించి, లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు.

ముప్పై అనుకునేసరికి వాసన వచ్చింది. కాలిన నూనె వాసన కాదు, తుప్పు వాసన కాదు. తియ్యగా, ముక్కుకు అంటుకునేలా, బ్యూటీ పార్లర్ ముందు నడుస్తుంటే వచ్చే వాసన. స్క్రూ తల అంచు చుట్టూ వంకాయ రంగు జిగురు ఒకటి సన్నగా ఉబికింది.

అతను తల పూర్తిగా ఎత్తకుండా, కళ్లు మాత్రం ఎత్తి చూశాడు. బల్ల అంచు మీద మేడమ్ చెయ్యి ఉంది. అయిదు గోళ్లూ వంకాయ రంగువే. చూపుడు వేలి గోరు మాత్రం విరిగి పొట్టిగా ఉంది. దాని మీద రంగు మిగతావాటికంటే మందంగా, కొత్తగా ఉంది. వంటింటి స్క్రూడ్రైవర్ జారినప్పుడు విరిగిన గోరు.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. స్క్రూ ఊడకుండా మరలకు గోళ్ల రంగు పూసి బిగించింది. పైగా తల కూడా నలిపింది. ఆ తర్వాతే మన బాస్ దగ్గరికి వచ్చి బాంబు సంగతి చెప్పింది. సమాచారం ఇచ్చిన పేరు ఇక్కడ, పని పూర్తిచేసిన పేరు అక్కడ. బాంబు ఎలాగూ బయటికి రాదు, పేలాక నింద ఎలాగూ తాళంచెవి ఉన్న ముసలాడి మీద పడుతుంది. ఇంత నీచాన్ని ఇంత శుభ్రంగా ఆలోచించినందుకు చిరాకుకు ఒళ్లంతా జలదరించింది.

"మేడమ్," అన్నాడు మామూలుగా, "మీ బ్యాగ్‌లో నెయిల్ పాలిష్ రిమూవర్ ఉందా?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. అది లిప్‌స్టిక్ కాదు, ఒక్క తూటా పిస్టల్. గురిపెట్టి ఉంచి, రెండో చేతి బొటనవేలితో తన వాచీ మర నొక్కింది. తుపాకీ మడమలోంచి టిక్ టిక్ మొదలైంది. మూడు నిమిషాలు, అంది. తలుపుకు బయట గడియ పెట్టి వెళ్తానని, పక్క గేటు దాకా నడవడానికి రెండు నిమిషాలు చాలునని చెప్పింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మామ. తెల్ల గ్లవ్స్, ఇస్త్రీ మడత చెడని యూనిఫారం, ఛాతీ మీద పతకాలు. ఆయన పిస్టల్‌ను చూడలేదు. చెదలమందు వేషంలో ఉన్న మేనల్లుణ్ణి కూడా చూడలేదు. నేరుగా పట్టకారు వైపు చూశాడు.

"ఎవడ్రా దీని తల నలిపింది?"

"ఈవిడే, మామయ్యా."

మామ మేడమ్ వైపు తిరిగాడు. మూడు రోజుల కిందట పాత తుపాకుల గురించి ఎంతో చక్కగా మాట్లాడిందని మురిసిపోయి, తాళంచెవి చేతిలో పెట్టి పది నిమిషాలు టీకి వెళ్లింది ఆయనే. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. పిస్టల్ గొట్టం ఆయన వైపు తిరిగింది. ఆయన దాన్ని పట్టించుకోకుండా, తలుపు పక్కన బల్ల మీదున్న మడ్డినూనె డబ్బా ఎత్తి ఆమె మొహం మీద కుమ్మరించాడు. నెలల తరబడి తుపాకులు కడిగిన నూనె, ఇనుప రజనూ, చచ్చిన ఈగలూ అన్నీ ఉన్నాయి అందులో. తూటా వెళ్లి పైకప్పులో దిగింది. చిరాకు ఆమె మణికట్టు మెలిపెట్టి, జేబులోంచి తీసిన సంకెళ్ల ఒక వైపును ఆ చేతికి, రెండో వైపును పట్టకారు కాడకు తగిలించాడు. తుపాకీ ఉన్న పట్టకారుకే.

ఆపే బటన్ ఎక్కడుందని అడిగాడు. ఆపే బటన్ లేదంది, నల్లటి నూనె ఉమ్ముతూ. అందుకే మీ ముఠా సరుకు రెండోసారి ఎవరూ కొనరన్నాడు చిరాకు.

టిక్ టిక్ వినిపిస్తూనే ఉంది. ఇద్దరు మగాళ్లూ స్క్రూ మీదికి వంగారు. మేడమ్‌కు తను ఎక్కడ కట్టేసి ఉందో అప్పుడు అర్థమైంది. తను బిగించిన స్క్రూకు సరిగ్గా మూరెడు దూరంలో.

"పక్క జిప్పులో ఉంది," అంది ఆమె. "రిమూవర్. చిన్న సీసా. త్వరగా తీయండి."

చిరాకు సీసా తెచ్చాడు. మామ గ్లవ్స్ విప్పి జేబులో పెట్టుకుని, చుక్క చుక్కగా స్క్రూ తల చుట్టూ పోశాడు. వంకాయ రంగు పలచబడి కారింది. ఒక నిమిషం ఆగాలన్నాడు. ఉన్నవే రెండుంపావు. చిరాకు పెన్ను తీయబోతే ఆ పెన్ను వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకు అది తనంతట తానే జేబులోకి వెళ్లిపోయింది. మామ ఆ నిమిషంలో గోడ మీంచి ఒక స్క్రూడ్రైవర్ తీసి, మొన కొలుచుకుని, ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది, చిట్లిన గాడిలో గోడకు గోడ ఆనేలా కూర్చోబెట్టాడు.

"పట్టు. బరువంతా దాని మీద వెయ్యి. తిప్పు."

చిరాకు విప్పే వైపు తిప్పబోయాడు.

"అటు కాదురా గాడిదా. ఏం నేర్పాను నీకు? విప్పాలంటే ముందు బిగించాలి. వెంట్రుకవాసి."

పదేళ్ల వయసులో వెయ్యిసార్లు విన్న మాట. పన్నెండేళ్ల సర్వీసులో తోసుకుంటూ దూసుకుపోవడమే తప్ప ఒక అడుగు వెనక్కి వేసి చూడటం మర్చిపోయాడు. ఛాతీ ఆనించి, బరువంతా వేసి, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాడు. లోపల ఎక్కడో చిన్నగా 'టక్' అంది. పట్టు వీడింది. ఇప్పుడు విప్పే వైపు తిప్పాడు. మొదట పావు, తర్వాత అర. ఆ తర్వాత మొండి స్క్రూ తిరిగి తిరిగి మామ అరచేతిలో పడింది. పలక ఊడింది. లోపల గుల్లలో సబ్బుబిళ్లంత పొట్లం, దానికి ఒక గడియారం, ఒక బటన్ సెల్లు. మేడమ్ కళ్లు మూసుకుంది. చిరాకు గోటితో సెల్లును పైకి లేపాడు. గడియారం నాలుగు సెకన్ల దగ్గర ఆగింది.

"గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు, దరిద్రులు," అన్నాడు మామ. ఆ మాట బాంబు గురించో డిపార్ట్‌మెంట్ గురించో చెప్పలేదు.

ఆ తర్వాత పలక బిగించాలి. నలిగిన స్క్రూ మళ్లీ పెట్టడానికి మామ ఒప్పుకోలేదు. పలక మీది గీతలు పోయేదాకా మెరుగు రుద్ది, సొరుగులోంచి అదే కొలత కొత్త స్క్రూ తీసి బిగించాడు. గాడి వంకరగా ఆగింది. ఊడదీశాడు. హాల్లో బ్యాండు మొదలైంది. చిరాకు జుట్టు పీక్కుంటూ, పన్నెండుకు మూడే నిమిషాలున్నాయని చెప్పాడు. మామ ఆ స్క్రూ తల అడుగున ఆకురాయితో రెండుసార్లు రుద్ది మళ్లీ బిగించాడు. గాడి గొట్టం వైపు తిన్నగా నిలబడింది. అప్పుడు గ్లవ్స్ వేసుకుని, తుపాకీ ఎత్తుకుని, నడుం వంగినా తల వంచకుండా నడవాలోకి నడిచాడు.

పన్నెండింటికి తుపాకీ వేదిక ఎక్కింది. పన్నెండూ రెండుకు మూడో వరసలో ఒక పళ్ల డాక్టరూ, అయిదో వరసలో ఒక ఫొటోగ్రాఫరూ కడుపులో తిప్పుతోందంటూ లేచి బయటికి నడిచారు. తలుపు దగ్గర మన వాళ్లు వాళ్లను మర్యాదగా పట్టుకున్నారు. పన్నెండూ అయిదుకు అధ్యక్షుడు తుపాకీ తిప్పి చూసి, స్క్రూ ఒకటి కొత్తదిలా ఉందే అన్నాడట. అది ఒక్కటే మనవైపు నుంచి కానుక అన్నాడట మామ.

మేడమ్ అన్నీ చెప్పడానికి ఒప్పుకుంది. మొహం మీది మడ్డి వదిలించుకోవడానికి ఆ రిమూవర్ సీసా ఒక్కసారి ఇమ్మని అడిగింది. అది ఎగ్జిబిట్ నంబర్ వన్, ఇవ్వడం కుదరదన్నారు.

సాయంత్రం చిరాకు ఓవరాల్ విప్పి పారేసి వర్క్‌షాపుకు వెళ్లాడు. మామ బల్ల తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"నా మీద అనుమానపడ్డావా?"

అబద్ధం చెప్పడం చిరాకు వృత్తి. ఇక్కడ నోరు రాలేదు.

"పడ్డాను మామయ్యా. స్క్రూ తల చూసేదాకా."

మామ తుడవడం ఆపి తల ఎత్తాడు. ఆయన మొహంలో కనిపించింది కోపం కాదు. పొద్దున ఆ నలిగిన గాడిని చూసినప్పుడు కనిపించిన అసహ్యమే, ఇప్పుడు మేనల్లుడి మీద. చిరాకు జీవితంలో ఎన్నో చూసి అసహ్యించుకున్నాడు. తనను చూసి ఒకరు అసహ్యించుకుంటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ముసలాయన నెమ్మదిగా, మామ మీద లేని నమ్మకం స్క్రూ మీద ఉందన్నమాట, అన్నాడు. ఉంది, ఆ స్క్రూల సంగతి నాకు నేర్పింది నువ్వే కదా, అన్నాడు చిరాకు.

మామ గోడ మీది స్క్రూడ్రైవర్లన్నీ దింపి బల్ల మీద పడేసి, ఆకురాయి అతని ముందుకు తోశాడు.

రెండు దేశాల మధ్య యుద్ధం ఆపిన గూఢచారి ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని పద్నాలుగు స్క్రూడ్రైవర్ల మొనలు సమంగా అరగదీశాడు. పన్నెండోది బాగా రాలేదని, దాన్ని మాత్రం మళ్లీ చేయమన్నాడు మామ.